ఫీడర్ పొర నుంచి విట్రోనెక్టిన్ పూత మీదికి: హెచ్9 పిండ మూలకణాల ప్రాజెక్టు డైరీ

పని ఇది: ఎలుక ఫీడర్ కణాల (మూలకణాలకు అడుగున పరిచే పోషక కణాల పొర) మీద పెరిగి, ద్రవ నత్రజనిలో ఉన్న హెచ్9 వయల్ ఒకదాన్ని కరిగించాలి. ఆ కణాలను ఫీడర్ అక్కర్లేని పద్ధతికి, అంటే విట్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూత మీదికి, మార్చాలి. పరీక్షలు పెట్టి, మళ్లీ గడ్డకట్టించి దాచాలి. 1998లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం వేరుచేసిన తొలి మానవ పిండ మూలకణ (ఏ రకం కణంగానైనా మారగల కణాల) శ్రేణుల్లో హెచ్9 ఒకటి. స్త్రీ కణాలు, క్రోమోజోములు 46 ఎక్స్‌ఎక్స్. వయల్ మీద పాసేజ్ 38 (కణాలను కొత్త పాత్రలోకి మార్చిన లెక్క) అని రాసి ఉంది. కమిటీ అనుమతి, శ్రేణి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పత్రాలు ఫైల్లోకి చేరాకే వయల్‌ని ట్యాంకులోంచి తీశాం.

ఈ డైరీలో ప్రతి పేజీకీ ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: ముక్క సైజు. ఈ కణాలు ఒంటరిగా బతకవు. పక్క కణంతో పట్టు తెగిన కణం నీటిబుడగల్లా ఉబ్బి, గంటల్లో చచ్చిపోతుంది. కాబట్టి ఇక్కడ పాసేజ్ అంటే కాలనీని (కణాల గుంపుని) ముక్కలు చేయడమే తప్ప కణాలను విడివిడిగా చేయడం కాదు. ముక్క ఎంత పెద్దదో సరిగ్గా కుదిరితే మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి. అది తప్పితే ఎంత ఖరీదైన మీడియం పోసినా లాభం లేదు.

మొత్తం పనిలో యాంటీబయాటిక్ వాడలేదు. వాడితే చిన్న చిన్న కలుషితాలు పైకి కనపడకుండా దాక్కుంటాయి. మైకోప్లాస్మా అనే అతిచిన్న బాక్టీరియాకి కణకవచమే లేదు కనుక పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు.

రోజు 0. ఫీడర్ పొర

ఆరు వెల్‌ల (గుంటల) ప్లేట్, వెల్‌కి 1 మి.లీ. చొప్పున 0.1 శాతం జెలటిన్, 37 డిగ్రీల దగ్గర అరగంట. ఎలుక పిండ ఫైబ్రోబ్లాస్టులకు మైటోమైసిన్-సి 10 మైక్రోగ్రాములు ప్రతి మి.లీ.కి, రెండున్నర గంటలు. విభజన ఆగిపోయిన ఆ కణాలను మూడుసార్లు పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం)తో కడిగి, వెల్‌కి 2 లక్షలు వేశాం. కడగడంలో బద్ధకిస్తే అడుగున మిగిలిన మైటోమైసిన్ రేపు పైన వేసే మూలకణాలను కూడా ఆపేస్తుంది. పొర పలుచనైతే కాలనీ అంచులు విచ్చుకుపోతాయి. మరీ చిక్కనైతే కాలనీకి పక్కలకు పాకే చోటు లేక గుట్టలా పైకి లేస్తుంది.

రోజు 1. వయల్ కరిగించడం (పాసేజ్ 38)

ఫీడర్ మీద వాడే మీడియం: డీఎంఈఎం/ఎఫ్12 80 శాతం, నాకౌట్ సీరం రీప్లేస్‌మెంట్ 20 శాతం, అనావశ్యక అమైనో ఆమ్లాలు 1 శాతం, గ్లుటమైన్ 1 మిల్లీమోలార్, బీటా-మెర్‌కాప్టోఇథనాల్ 0.1 మిల్లీమోలార్, ఎఫ్‌జీఎఫ్2 ప్రతి మి.లీ.కి 4 నానోగ్రాములు.

వయల్‌ని 37 డిగ్రీల నీటిలో తిప్పుతూ, లోపల చిన్న మంచు పలుకు మిగిలి ఉండగానే తీసేశాం. పూర్తిగా కరిగేదాకా ఉంచితే డీఎంఎస్ఓ (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడేందుకు కలిపినది) వెచ్చని ద్రవంలో కణాల మీద పని మొదలుపెడుతుంది. బయట ఆల్కహాల్‌తో తుడిచి, లోపలిది 15 మి.లీ. ట్యూబులోకి 2 మి.లీ. పిపెట్‌తో మార్చాం. 1 మి.లీ. టిప్ వాడలేదు. దాని నోరు సన్నం, ముక్కలు చితికిపోతాయి. ఆ తర్వాత మీడియం 5 మి.లీ. చుక్కచుక్కగా, ట్యూబు కదుపుతూ. కణం లోపల డీఎంఎస్ఓ నిండి ఉంది; బయట ఒక్కసారిగా పలుచనైతే నీరు లోపలికి దూసుకొచ్చి కణం పగిలిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో 200 జీ, 5 నిమిషాలు. కిందికి దిగిన ముక్కలను 2 మి.లీ. మీడియంలో రెండే రెండుసార్లు పైకి కిందికి అని, ఒకే వెల్‌లోకి దించాం.

అందులోకి వై-27632, 10 మైక్రోమోలార్ (10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 2 మి.లీ.కి 2 మైక్రోలీటర్లు). ఈ చిన్న అణువు చరిత్ర గుర్తుపెట్టుకోదగ్గది. 2007లో జపాన్ రైకెన్ సంస్థలో యోషికి ససాయి బృందం దీన్ని కలిపినప్పుడు, విడి కణం కాలనీగా ఎదిగే అవకాశం సుమారు 1 శాతం నుంచి సుమారు 27 శాతానికి పెరిగింది. పొరుగు కణంతో ఈ-క్యాడ్‌హెరిన్ (కణాలను అతికించే ప్రోటీన్) పట్టు తెగగానే రాక్ అనే ఎంజైమ్ లోపలి మయోసిన్‌ని అదుపు లేకుండా బిగిస్తుంది. ఆ బిగువుకే కణం ఉబ్బి చస్తుంది. వై-27632 ఆ బిగువుని ఆపుతుంది. 24 గంటల తర్వాత తీసేయాలి. ఎక్కువకాలం ఉంటే కణాలు కొమ్మలు చాచినట్టు సాగిపోయి, విభేదనం (మూలకణం వేరే రకం కణంగా మారడం) మొదలైందేమో అన్న అనుమానం పుట్టిస్తాయి.

రోజు 2 నుంచి 8

మొదటి మూడు రోజులు చూడటానికి భయం వేస్తుంది. తేలుతున్న చనిపోయిన కణాలే ఎక్కువ, అతుక్కున్నవి అక్కడొకటి ఇక్కడొకటి. రోజూ మీడియం మార్చడం తప్ప చేయాల్సింది లేదు. ఈ దశలో కంగారుపడి పారేసిన వెల్‌లలో చాలావాటికి ఇంకో నాలుగు రోజులు ఇచ్చి ఉంటే లేచేవే. నాలుగో రోజుకి చిన్న కాలనీలు కనపడ్డాయి.

మంచి కాలనీ ఎలా ఉంటుందో కొత్తగా చేరేవారి కోసం: అంచు గీసినట్టు నున్నగా, ఫేజ్ కాంట్రాస్టులో మెరుస్తూ ఉంటుంది. లోపల కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని, మధ్య హద్దులు పోల్చలేనట్టు ఉంటాయి. ఒక్కో కణంలో కేంద్రకమే దాదాపు అంతా, చుట్టూ జీవద్రవ్యం కొంచెమే, కేంద్రకంలో కేంద్రకాంశాలు కొట్టొచ్చినట్టు. చెడుతున్న కాలనీకి అంచు చెదిరి కణాలు చప్పగా పరుచుకుంటాయి, లేదా నడుమ గోధుమరంగు గుంట పడుతుంది.

ఎనిమిదో రోజున అలాంటి కాలనీలు మూడు. ప్లేట్ కింద మార్కర్‌తో చుట్టూ గీసి, హుడ్‌లో సన్న టిప్‌తో గీకి, మీడియంతో పాటు పీల్చి తీసేశాం. విభేదనం చెందినవి వెల్‌లో ఐదో వంతు దాటితే ఇలా చెడ్డవి ఏరడం కన్నా, మంచివి మాత్రమే ఏరి కొత్త ప్లేట్‌లోకి తీసుకెళ్లడం తేలిక.

రోజు 9. ఫీడర్ మీదే ఒక పాసేజ్ (పాసేజ్ 39)

కరిగించిన వెంటనే పద్ధతి మార్చకూడదని ముందే అనుకున్నాం. ఒక దెబ్బ నుంచి కోలుకోకముందే రెండో దెబ్బ వేసినట్టవుతుంది. కొలాజినేజ్-4, ప్రతి మి.లీ.కి 1 మిల్లీగ్రాము, 37 డిగ్రీలు, 7 నిమిషాలు. కాలనీ అంచులు చాప మడతలా లేవగానే ఎంజైమ్ తీసేసి, స్క్రేపర్‌తో లేపి, 1:3 చొప్పున (ఒక వెల్ కణాలు మూడు వెల్‌లకి) తాజా ఫీడర్ మీదికి.

రోజు 14. ఫీడర్ నుంచి విడుదల (పాసేజ్ 40)

ముందురోజు రాత్రే మాట్రిజెల్ (కణాలు అతుక్కోవడానికి వేసే ఇంకో ప్రోటీన్ పూత) వాటా ఒకదాన్ని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, మంచు గిన్నెలో పెట్టి కరగనిచ్చాం. 10 డిగ్రీలు దాటితే అది జెల్ కట్టడం మొదలెడుతుంది. అందుకే టిప్‌లు, ట్యూబులు, డీఎంఈఎం/ఎఫ్12 అన్నీ చల్లవే. ఎంత పలుచన చేయాలన్నది లాట్ (తయారీ విడత) పత్రంలో ఉంటుంది. ప్రోటీన్ మోతాదు లాట్ లాట్‌కీ మారుతుంది కనుక పాత లెక్క వాడకూడదు.

విట్రోనెక్టిన్ పూత ఇంతకన్నా సులువు. 0.5 మిల్లీగ్రాము/మి.లీ. స్టాక్ 60 మైక్రోలీటర్లు, 6 మి.లీ. పీబీఎస్‌లో (కాల్షియం, మెగ్నీషియం లేనిది). వెల్‌కి 1 మి.లీ., గది ఉష్ణోగ్రతలో గంట. వెల్ వైశాల్యం దాదాపు 9.6 చదరపు సెంటీమీటర్లు కాబట్టి చదరపు సెంటీమీటరుకి అర మైక్రోగ్రాము పడుతుంది. ఒక హెచ్చరిక: కొన్ని రకాల విట్రోనెక్టిన్ మామూలు కల్చర్ ప్లేట్‌కి, కొన్ని ఉపరితలం శుద్ధిచేయని ప్లేట్‌కి తయారైనవి. తారుమారైతే కణాలు రెండో రోజున రేకులు రేకులుగా ఊడిపోతాయి. అప్పుడు తప్పు కణాలది అనుకుంటాం. పూత ఏదైనా ఒక్క క్షణం ఆరినా ఆ వెల్ పోయినట్టే.

మూడు వెల్‌లు మాట్రిజెల్, మూడు విట్రోనెక్టిన్. ఒక్క పూత మీదే అన్నీ పెట్టే ధైర్యం చేయలేదు.

ఫీడర్‌ని వదిలించడానికి బరువుని వాడుకున్నాం. కొలాజినేజ్‌తో లేపిన కాలనీలను ట్యూబులో నిలబెట్టి 5 నిమిషాలు వదిలితే ముక్కలు అడుక్కి దిగుతాయి, విడి ఫైబ్రోబ్లాస్టులు పైన తేలుతూ ఉంటాయి. పైది పీల్చేసి, డీఎంఈఎం/ఎఫ్12 పోసి, మళ్లీ నిలబెట్టి... ఇలా మూడుసార్లు. కొన్ని ఫీడర్ కణాలు ఎలాగూ వెంట వస్తాయి. అవి విభజించలేవు, కొత్త మీడియంలో సీరమూ లేదు, రెండు పాసేజ్‌ల్లో అవే రాలిపోతాయి.

కొత్త మీడియం ఈ8. థామ్సన్ ప్రయోగశాల 2011లో ప్రకటించింది. డీఎంఈఎం/ఎఫ్12తో కలిపి ఎనిమిదే పదార్థాలు: ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెర్రిన్, సెలీనియం, విటమిన్ సి ఫాస్ఫేట్, ఎఫ్‌జీఎఫ్2, టీజీఎఫ్-బీటా, సోడియం బైకార్బొనేట్. అల్బుమిన్ లేదు. ఇది లాభమూ నష్టమూ కూడా. లాభం, లాట్ లాట్‌కీ తేడా తగ్గుతుంది. నష్టం, మీడియంలో పడిన మలినాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. ఫీడర్ మీడియంలో నిత్యం వాడే బీటా-మెర్‌కాప్టోఇథనాల్ అల్బుమిన్ లేని చోట విషమని ఆ పరిశోధనలోనే తేలింది. కాబట్టి పాత మీడియం చుక్క కూడా మిగలకుండా కడగాలి.

1:2 చొప్పున వేశాం, వై-27632తో.

రోజు 15 నుంచి 19

మాట్రిజెల్ మీద అతుక్కున్నవి ఎక్కువ. విట్రోనెక్టిన్ మీద తక్కువే, కానీ అతుక్కున్న కాలనీల అంచులు బాగున్నాయి. రెండిటిలోనూ మొదటి వారం కాలనీలు ఫీడర్ మీద కన్నా పలుచగా, వెడల్పుగా పరుచుకున్నాయి. ఇది చెడటం కాదు. ఫీడర్ చుట్టూ ఒత్తకపోతే కాలనీ ఆకారం అలాగే ఉంటుంది. కేంద్రకాలు చూసి తీర్పు చెప్పాలి, ఆకారం చూసి కాదు.

మీడియం రోజూ 2 మి.లీ. సీసాని 37 డిగ్రీల నీటిలో పెట్టం, ఆ పూటకి కావలసింది మాత్రం ట్యూబులోకి తీసి గది ఉష్ణోగ్రతకి రానిస్తాం. ఎఫ్‌జీఎఫ్2 వేడికి త్వరగా బలం కోల్పోతుంది. అందుకే రోజు విడిచి రోజు తిండి పెడితే, రెండో రోజు కణాలు సగం ఆకలితో ఉన్నట్టే.

రోజు 20. తొలి ఈడీటీఏ పాసేజ్ (పాసేజ్ 41)

ద్రావణం: 500 మి.లీ. పీబీఎస్‌లో 0.5 మోలార్ ఈడీటీఏ 500 మైక్రోలీటర్లు, సోడియం క్లోరైడ్ 0.9 గ్రాములు, వడకట్టి. ఈడీటీఏ 0.5 మిల్లీమోలార్ అవుతుంది. ఉప్పు ఎందుకంటే, ఈ8 ఆస్మోలారిటీ (కరిగిన పదార్థాల సాంద్రత) 340 దగ్గర ఉంటుంది, ఉత్త పీబీఎస్ అంతకన్నా పలుచన.

ఈడీటీఏ ఎంజైమ్ కాదు. కణాల మధ్య పట్టుకి కావలసిన కాల్షియాన్ని లాక్కుంటుంది, అంతే. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా అర్థమవుతుంది.

మీడియం తీసి, ఈడీటీఏ 1 మి.లీ.తో రెండుసార్లు కడిగి, మూడోసారి 1 మి.లీ. పోసి గది ఉష్ణోగ్రతలో 5 నిమిషాలు. మైక్రోస్కోప్ కింద కణాల మధ్య సందులు తెరుచుకుని, కాలనీ జల్లెడలా కనపడాలి. కాలనీలు ఇంకా అడుగుకి అతుక్కునే ఉండాలి. ఊడి తేలాయంటే ఆలస్యమైనట్టు. ఈడీటీఏ పీల్చేసి, ఈ8 1 మి.లీ. వెల్ గోడ మీద కాకుండా నేరుగా కాలనీల మీదికి జల్లినట్టు వదిలి, రెండు మూడు సార్లలో లేపాలి. సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు. విభేదనం చెందిన కణాలు అడుగుని గట్టిగా పట్టుకుని మిగిలిపోతాయి. వాటి కోసం గీకొద్దు, ప్లేట్‌తో పాటే పోనివ్వండి. ప్రతి పాసేజ్‌లో జరిగే ఈ శుభ్రత ఈడీటీఏ పద్ధతిలో మాకు బాగా నచ్చిన గుణం.

1:4 చొప్పున వేశాం. ముక్కలు 50 నుంచి 150 మైక్రోమీటర్లు.

రోజు 24. పాసేజ్ 42, ఇక్కడ దెబ్బ తగిలింది

ఆరు వెల్‌లూ ఒకేసారి ఈడీటీఏ తీసి, అన్నిటిలో మీడియం పోసి, ఒకదాని తర్వాత ఒకటి లేపుతూ వెళ్లాం. మొదటి రెండూ చక్కగా వచ్చాయి. మూడో దానికి నాలుగు జల్లులు పట్టింది. ఆరో దానికి పది పైనే, అయినా సగం కాలనీలు కదల్లేదు.

కారణం తేలికగానే దొరికింది. అడుగున ఈడీటీఏ పలుచని పొరే మిగిలింది, అందులోకి మీడియం చేరగానే దానిలోని కాల్షియం వచ్చి పడింది, కణాలు నిమిషాల్లో పట్టు తిరిగి బిగించాయి. మీడియం పోసి క్రమంగా లేపుతూ వెళ్లేసరికి చివరి వెల్ మళ్లీ అతుక్కుపోయింది. అప్పుడు ఎక్కువసార్లు జల్లితే ఊడేవి ముక్కలు కావు, చితికిన విడి కణాలు. మర్నాడు ఐదు, ఆరు వెల్‌లలో ఎక్కువగా తేలుతున్న శవాలే, మధ్యలో నాలుగైదు కణాల చిన్న దీవులు. ఆ రెండిటినీ పారేశాం. అలాంటి దీవుల్ని కాపాడితే తర్వాతి తరం వాటి నుంచే వస్తుంది. విడిగా పడినా చావని కణాలను మనమే ఏరి పెంచినట్టవుతుంది. దాని సంగతి కింద రాశాం.

మార్పు: ఒక విడతలో రెండు వెల్‌లే. ఈడీటీఏ పీల్చాక ఇరవై సెకన్లలో జల్లు పూర్తి. ఐదు జల్లుల్లో రానిది రాదు, వదిలేయడమే. ఇంకా రాకపోతే తర్వాతిసారి ఈడీటీఏలో ఒక నిమిషం ఎక్కువ ఉంచాలి, చేతి బలం పెంచకూడదు. చిక్కగా పెరిగిన వెల్‌కి ఎలాగూ 6 నిమిషాలు పడుతుంది.

రోజు 28. పాసేజ్ 43

ముక్క సైజు బాగుంది, అయినా రెండు వెల్‌లలో కాలనీలన్నీ నడుమకే చేరాయి. ప్లేట్‌ని గుండ్రంగా తిప్పడమే కారణం, సుడిలో ముక్కలు మధ్యకి కొట్టుకొస్తాయి. ముందుకీ వెనక్కీ మూడుసార్లు, ఎడమకీ కుడికీ మూడుసార్లు, అదీ ఇంక్యుబేటర్ షెల్ఫ్ మీద పెట్టాక. ఆపై 24 గంటలు ఆ తలుపు మెల్లగా మూయాలి. నడుమ కుప్పబడిన కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసి మూడో రోజుకే మధ్యలో తెల్లగా గుట్ట కట్టాయి, అక్కడి నుంచే విభేదనం మొదలైంది. మాట్రిజెల్ వెల్‌లను ఈ పాసేజ్‌తో ఆపేశాం, విట్రోనెక్టిన్ సరిపోతోంది.

రోజు 32, 36. పాసేజ్‌లు 44, 45

1:8 చొప్పున, నాలుగు రోజులకి 70 శాతం నిండుతున్నాయి. అక్కడే ఆపి పాసేజ్ చేస్తున్నాం. 90 దాకా వెళ్లనిస్తే కణాలు ఎక్కువ వస్తాయన్నది నిజమే, కానీ చిక్కగా పెరిగిన కణాలు లాక్టిక్ ఆమ్లంతో మీడియంని పసుపు చేస్తాయి. ఆ ఆమ్లతకి డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ఉదయం మీడియం పసుపుగా కనపడితే అది ఆలస్యమైన రోజు.

పాసేజ్ 45లో ఒక వెల్ మూడు రోజులకే నిండిపోయింది, తేలే శవాలు కూడా చాలా తక్కువ. మూలకణాల పనిలో ఇది సంతోషించే వార్త కాదు. 20వ క్రోమోజోమ్ పొడుగు చేతిలో 20క్యూ11.21 అనే చోట చిన్న ముక్క రెట్టింపయితే, అందులోని బీసీఎల్2ఎల్1 జన్యువు కణాన్ని చావనివ్వదు. పాసేజ్ దెబ్బకి పక్కవి చస్తుంటే అది మాత్రం బతికి, కొన్ని వారాల్లో వెల్ అంతా తనే అవుతుంది. 2011లో అంతర్జాతీయ బృందం ఒకటి 125 పిండ మూలకణ శ్రేణులను పరిశీలిస్తే, వాటిలో ఐదో వంతు పైగా ఈ మార్పు కనపడింది. 1, 12, 17 క్రోమోజోములకు కూడా ఇలాగే అదనపు నకళ్లు వస్తుంటాయి. పాసేజ్ 42లో ఆ దీవులను పారేసింది ఇందుకే.

అనుమానం వచ్చిన వెల్‌ని విడిగా ఉంచి, డీఎన్‌ఏ తీసి క్యూపీసీఆర్‌కి (ఒక డీఎన్‌ఏ ముక్కకి ఎన్ని నకళ్లున్నాయో కొలిచే పరీక్ష) పంపాం. 20క్యూ సాధారణంగానే ఉంది. లెక్కలు తిరగేస్తే ఆ వెల్‌లో ముక్కలు ఎక్కువ పడ్డాయని తేలింది, చివరి వెల్ కాబట్టి ట్యూబు అడుగున దిగినవన్నీ దానికే వెళ్లాయి. ఇకపై ప్రతి వెల్‌కీ ముందు ట్యూబుని ఒకసారి తలకిందులు చేసి కలపాలి.

రోజు 40. పాసేజ్ 46: పరీక్షలు, భద్రపరచడం

ఒకే పాసేజ్ కణాలు రెండు దారుల్లో వెళ్లాయి. పరీక్ష ఒక పాసేజ్‌ది, దాచింది ఇంకో పాసేజ్‌ది అయితే ఆ పత్రానికి విలువ లేదు.

ఫ్లో సైటోమెట్రీకి (కణాల్లోని గుర్తు అణువులను లెక్కించే పరీక్ష) ఒక వెల్: ఓసీటీ4, ఎస్ఎస్ఈఏ4, టీఆర్ఏ-1-60 ఉండాలి, ఎస్ఎస్ఈఏ1 ఉండకూడదు. ఇవి మూలకణాలేనా అని చెబుతాయి, క్రోమోజోములు బాగున్నాయా అని చెప్పవు. 20క్యూ మార్పు వచ్చిన కణాలు కూడా ఈ పరీక్ష దర్జాగా పాసవుతాయి.

జీ-బ్యాండ్ కారియోటైప్‌కి (క్రోమోజోములను చారల రంగుతో చూడటం) ఒక టీ25 ఫ్లాస్క్, 20 మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో ఉన్న కణాలు). ఇరవైకి ఇరవై బాగున్నా, దాదాపు 14 శాతం కన్నా తక్కువ కణాల్లో ఉన్న మార్పు తప్పించుకుపోవచ్చు. 20క్యూ11.21 ముక్క చాలాసార్లు బ్యాండ్ కంటికి ఆనని సైజులో ఉంటుంది. అందుకని దానికి క్యూపీసీఆర్ విడిగా చేయించాం. వీటితో పాటు ఎస్‌టీఆర్ గుర్తింపు (డీఎన్‌ఏ వేలిముద్ర లాంటిది), రెండు రోజులు మార్చకుండా ఉంచిన మీడియంతో మైకోప్లాస్మా పీసీఆర్.

గడ్డకట్టించడం: ఐదు వెల్‌లు, వెల్‌కి రెండు వయల్‌లు. ఈడీటీఏతో లేపిన ముక్కలు, ఈసారి కాస్త పెద్దవిగా, 10 శాతం డీఎంఎస్ఓ ఉన్న చల్లని ద్రావణంలో 1 మి.లీ. చొప్పున. మరీ పెద్ద ముక్కలైతే డీఎంఎస్ఓ నడుమకి చేరదు, మరీ చిన్నవైతే కరిగించాక ఒంటరి కణాలవుతాయి. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబడే ఐసోప్రొపనాల్ డబ్బాలో మైనస్ 80లో రాత్రంతా ఉంచి, మర్నాడే నత్రజని ఆవిరిలోకి మార్చాం. మైనస్ 80లో వారాలు వదిలేస్తే వయల్ చూడటానికి బాగానే ఉంటుంది, కరిగిస్తే ఏమీ లేవదు. ఫలితాలు వచ్చేదాకా వయల్‌లు వేరు గడిలో, ఎర్ర మూతలతో.

రోజు 63

కారియోటైప్ 46 ఎక్స్‌ఎక్స్, 20కి 20. 20క్యూ సాధారణం. మైకోప్లాస్మా లేదు. ఎస్‌టీఆర్ హెచ్9తో సరిపోయింది. ఫ్లో సైటోమెట్రీలో ఉండాల్సిన మూడు గుర్తులూ ఉన్నాయి, ఎస్ఎస్ఈఏ1 లేదు.

రోజు 64 నుంచి 70

ఒక వయల్ కరిగించి, విట్రోనెక్టిన్ మీద ఒకే వెల్‌లోకి, ఈ8, వై-27632తో. మర్నాడే కాలనీలు అతుక్కుని కనపడ్డాయి, మొదటి వయల్‌కి పట్టినట్టు నాలుగు రోజులు ఎదురుచూడక్కర్లేకపోయింది. ఆరో రోజున 65 శాతం నిండింది, ఏరి పారేయాల్సిన కాలనీ ఒకటే. ఈడీటీఏ 5 నిమిషాలు, మూడు జల్లులు, 1:6. మిగిలిన తొమ్మిది వయల్‌లకి ఎర్ర మూతలు తీసి ఆకుపచ్చవి పెట్టి, ప్రధాన గడిలోకి మార్చాం. లేబుల్: హెచ్9, పాసేజ్ 46, విట్రోనెక్టిన్/ఈ8, ఈడీటీఏ, ఫీడర్ వదిలాక ఆరు పాసేజ్‌లు.